కె.సి. కాలువ కింద చౌడు తేలిన మడిలో వరి నిలబడాలంటే

చాపాడు వైపు కుందూ నది పక్కన ఉన్న మీ మడిలో నాట్లు వేసిన రెండు వారాలకే ఆకుల కొనలు తెల్లబడి ఎండుతున్నాయనీ, గెనిమల మీద తెల్లటి పొర తేలిందనీ, జింకు లోపమని ఒకరు, అగ్గితెగులని మరొకరు చెబుతున్నారనీ రాశారు. వచ్చే ఏడు చౌడును తట్టుకునే విత్తనం కొంటే సరిపోతుందా అన్నది మీ ప్రశ్న. నేను మైదుకూరు వైపు అదే కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింద చాలా ఏళ్లుగా వరి పండిస్తున్నాను. మా పొలంలోనూ దిగువ కయ్యలకు ఇదే బాధ ఉంది. ఆ అనుభవంతో చెబుతున్నాను: విత్తనం ఒక్కటే సరిపోదు, మురుగు పోయే దారి ముందు, విత్తనం ఆ తరువాత.

మొదట మీ పైరుకు వచ్చింది ఏమిటో తేల్చుకోవాలి. అగ్గితెగులైతే ఆకు మీద నూలుకండె ఆకారంలో, మధ్యలో బూడిద రంగుతో మచ్చలు కనిపిస్తాయి. జింకు లోపమైతే ఆకు మధ్య ఈనె మొదట్లో పాలిపోయి, ఆకు మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి. చౌడు దెబ్బ అయితే ముదురు ఆకుల కొనలు ముందు తెల్లబడి, చుట్టుకుని, ఎండు కిందికి దిగుతుంది. అది కూడా మడి అంతటా ఒకేలా ఉండదు, అక్కడక్కడా చాపలు పరిచినట్టు ఉంటుంది. మా దిగువ కయ్యలో పాదం మునిగేంత నీరు నిలిచి ఉన్నా మధ్యాహ్నానికి ఆకులు చుట్టుకుపోయేవి. ఒక దుబ్బును పెకలించి చూస్తే పాత వేళ్లు గోధుమ రంగులో ఉన్నాయి, తెల్లటి కొత్త వేళ్లు నాలుగైదుకు మించి లేవు. అయితే కారు చౌడులో, అంటే క్షారం ఎక్కువైన నేలలో, జింకు లోపం కూడా కలిసే వస్తుంది కనుక, జింకు లోపమన్న వారి మాటను పూర్తిగా కొట్టిపారేయనవసరం లేదు.

నీళ్లలో నిలబడిన మొక్క వాడిపోవడం వింతగా తోస్తుంది గానీ, ఉప్పు పట్టించిన మామిడి ముక్క నీరు వదలడం చూసిన వారికి అర్థమవుతుంది. నేలలోని నీటిలో ఉప్పు ఎక్కువైతే వేరు ఆ నీటిని లాక్కోలేకపోతుంది. ఇది మొదటి దెబ్బ, దీని వల్లనే ఎదుగుదల వెంటనే మందగించి, పిలకలు తగ్గుతాయి. రెండో దెబ్బ మెల్లగా తగులుతుంది. మొక్కకు పొటాషియం కావాలి, సోడియం దానికి దగ్గరి పోలిక గలది కావడంతో పొటాషియం వెళ్లే దారుల్లోనే అదీ లోపలికి చేరి, నీటి వెంట ఆకులకు ఎక్కి అక్కడే పేరుకుంటుంది. ముదురు ఆకు ఎక్కువ రోజులుగా నీటిని ఆవిరి చేస్తున్నది కనుక దానిలోనే ఉప్పు ఎక్కువ కూడుతుంది, ముందు అదే ఎండుతుంది. కొత్త ఆకులు వచ్చే వేగం కన్నా పాత ఆకులు ఎండే వేగం ఎక్కువైతే ఆ దుబ్బు ఇక కోలుకోదు.

వరికి అన్ని వయసుల్లోనూ ఉప్పు ఒకేలా తగలదు. మొలకెత్తేటప్పుడు బాగానే ఓర్చుకుంటుంది, రెండు మూడు ఆకుల లేత దశలో చాలా సున్నితంగా ఉంటుంది, పిలకలు వేసే దశలో మళ్లీ తట్టుకుంటుంది, చిరుపొట్ట (లోపల కంకి రూపుదిద్దుకునే దశ) నుంచి పూత వరకు తిరిగి సున్నితమవుతుంది. రైతులు ఎక్కువగా మోసపోయేది ఈ రెండో గండం దగ్గరే. పైరు పచ్చగా ఉంది, గండం గడిచిందని నీటి తడుల్లో అశ్రద్ధ చేస్తే, పుప్పొడి బలహీనపడి గింజ కట్టదు. మా కయ్యలో ఒక కంకిని వేళ్ల మధ్య నొక్కి చూసినప్పుడు పైకి నిండుగా ఉన్నట్టున్న గింజల్లో సగానికి పైగా తాలే. మట్టిని నీటితో పూర్తిగా తడిపి తీసిన సంతృప్త ద్రావణంలో లవణ సూచిక, అంటే ఈసీ, మీటరుకు 3 డెసిసీమెన్లు దాటిన తరువాత పెరిగే ప్రతి యూనిట్‌కు వరి దిగుబడి సుమారు 12 శాతం చొప్పున తగ్గుతుందనీ, 7 దాటేసరికి సగానికి పడిపోతుందనీ శాస్త్రజ్ఞుల లెక్క. మన ప్రయోగశాలలు చాలావరకు మట్టిని ఎక్కువ నీటిలో కలిపి చూస్తాయి, అలా వచ్చే అంకె ఇంతకన్నా చిన్నదిగా ఉంటుంది. కాబట్టి ఏ పద్ధతిలో చూశారో అడగకుండా మీ భూసార పరీక్ష కార్డు మీది అంకెను దీనితో పోల్చకండి.

మీది పాల చౌడా, కారు చౌడా అన్నది తేలకుండా ఒక్క బస్తా జిప్సం కూడా కొనవద్దని నా గట్టి సలహా. తెల్లటి ఉప్పు పొర, ఉదజని సూచిక (పీహెచ్) 8.5 లోపు ఉంటే పాల చౌడు, 8.5 దాటి, నేల తడిస్తే జిగురుగా, ఎండితే రాయిలా గట్టిపడి, నీరు ఇంకకుండా, పైన నల్లటి మరక కనిపిస్తే కారు చౌడు. రెండూ కలిసిన నేలలూ ఉంటాయి. పిడికెడు మట్టిని గాజు సీసాలో వాన నీటితో గిలకొట్టి ఉంచితే, పాల చౌడు మట్టి త్వరగా అడుగుకు దిగి నీరు తేటపడుతుంది, కారు చౌడు మట్టి మరునాటికి కూడా మురికిగానే ఉంటుంది. ఇది అంచనాకు మాత్రమే. పరీక్ష చేయించడం తప్పదు. మట్టితో పాటు బోరు నీరు కూడా ఇవ్వండి, ఎందుకంటే బైకార్బనేట్లు ఎక్కువగా ఉన్న బోరు నీరు మంచి నేలను సైతం ఏళ్ల మీద కారు చౌడుగా మారుస్తుంది.

మన ప్రాంతంలో ఈ చౌడు ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తుంచుకుంటే మందు కూడా అక్కడే దొరుకుతుంది. 1860ల్లో తుంగభద్ర మీది సుంకేసుల నుంచి తవ్విన ఈ కాలువ కింద నల్లరేగడి నేలల్లో నీరు నిల్వ ఉంచీ ఉంచీ భూగర్భ జలం పైకి వచ్చింది. వేసవి ఎండకు ఆ నీరు నేల పైకి లాగబడి ఆవిరైపోతే ఉప్పు మాత్రం పైన మిగిలిపోతుంది. కనుక దిగువ గెనిమ పక్కన లోతైన మురుగు కాలువ తీసి, దాన్ని వంకలోకి కలపడమే మొదటి పని. పాల చౌడైతే మడిలో మంచి నీరు నిండా పెట్టి, కొన్ని రోజులు ఉంచి, తీసివేసి, మళ్లీ పెడితే ఉప్పు చాలావరకు పోతుంది. కారు చౌడుకు జిప్సం కావాలి. దానిలోని కాల్షియం మట్టిని పట్టుకున్న సోడియాన్ని తప్పిస్తుంది, తప్పుకున్న సోడియాన్ని నీటితో బయటికి పంపాలి. మురుగు దారి లేని మడిలో జిప్సం చల్లితే ఆ సోడియం అక్కడే ఉండిపోతుంది. పరీక్షలో చెప్పిన మోతాదును పై పొరలోనే కలియదున్ని, నీరు కట్టి ఉంచి, ఆపై తీసివేయండి. మా కయ్యల్లో మురుగు కాలువ తీసి, పచ్చిరొట్ట పైరైన జీలుగ వేసి పూత దశలో కలియదున్నిన తరువాతే తేడా కంటికి కనిపించింది, అదీ మొదటి పంటలో కాదు.

విత్తనం విషయానికి వస్తే, కేరళలోని పొక్కలి వరి నుంచి తీసుకున్న సాల్టోల్ అనే జన్యు భాగంతో తట్టుకునే రకాలు తయారుచేస్తున్నారు. 1969లో ఏర్పడిన, కర్నాల్‌లోని కేంద్ర లవణ నేలల పరిశోధన సంస్థ సి.ఎస్.ఆర్. రకాలనూ, మచిలీపట్నం పరిశోధన స్థానం ఎం.సి.ఎం. రకాలనూ ఇచ్చాయి. మీ నేలకు, మీ కాలానికి ఏది సరిపోతుందో కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి తీసుకోండి. ఏ రకం వేసినా నారుమడిని మంచి నేలలో పోసి, 30 నుంచి 35 రోజుల ముదురు నారును కుదురుకు ఐదారు మొక్కలు చొప్పున దగ్గరగా నాటండి, లేత దశ గండాన్ని దాటించేది ఇదే.

ఇప్పుడు మడిలో ఉన్న పైరుకు: పాత నీరు తీసివేసి కాలువ నీరు పెట్టండి, ఆపై మడి బీట వారేలా ఎండనివ్వవద్దు, ఎండితే ఉప్పు మళ్లీ పైకి తేలుతుంది. జింకు లోపం మచ్చలు ఉంటే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేట్ పిచికారీ చేయండి. యూరియాను ఒకేసారి గుమ్మరించకుండా తక్కువ మోతాదుల్లో ఎక్కువసార్లు వేయండి, కారు చౌడులో దాని నత్రజని చాలావరకు గాలిలో కలిసిపోతుంది. చచ్చిన కుదుళ్ల చోట అదే వయసు నారు మిగిలి ఉంటే ఈ వారంలోనే నాటండి. చిరుపొట్ట దశ నుంచి మాత్రం కాలువలో వంతు రాని రోజుల్లో ఉప్పు బోరు నీటిని ఒక్కటే పెట్టకుండా, వీలైనంత కాలువ నీటితో కలిపి పెట్టుకోండి.