యూనియన్ లీడర్ అవుతానంటే అంత భయమెందుకు?

ప్రశ్న: నేను ఆర్టీసీ కండక్టర్‌ని. మా అబ్బాయి డిగ్రీ అయిపోయింది. సీసీఎస్ (మా ఉద్యోగుల సహకార పరపతి సంఘం) లోన్ తీసి ఎంబీఏ హెచ్ఆర్‌లో చేర్పిద్దామంటే, లా చదివి కార్మిక యూనియన్‌లో పనిచేస్తానంటున్నాడు. 2019 సమ్మెలో మా ఇల్లు ఎలా గడిచిందో చూసి కూడా! రెండింట్లో ఏది మంచిది?
– ఓ తండ్రి, కరీంనగర్

జవాబు: మీరు అడిగింది రెండు చదువుల గురించి. మిమ్మల్ని నిద్రపోనివ్వనిది మాత్రం ఆ 52 రోజులు. అక్టోబరు 5 నుంచి నవంబరు 25 దాకా సుమారు 48 వేల మంది జీతాల్లేకుండా రోడ్డు మీదే ఉన్నారు. అడిగింది ఆర్టీసీని ప్రభుత్వంలో విలీనం చేయమని, చివరికి ఆ విలీనం ఊసే లేకుండా డ్యూటీ ఎక్కారు. అదే విలీనానికి 2023లో అసెంబ్లీ బిల్లు పాస్ చేసింది. అమలు సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. ఇదంతా ఇంట్లోనే చూసిన కుర్రాడు ఇప్పుడీ మాట అంటున్నాడంటే, అది మోజు కాదు.

కోపం తెచ్చుకోనంటే ఒకటి అడుగుతాను. సమ్మెలో మీరూ ఉన్నారు కదా? మన తరఫున ఎవరో ఒకరు నిలబడాలి, ఆ ఒక్కరు మాత్రం మా అబ్బాయి కాకూడదంటే ఎలాగండీ?

ఇక ఎంబీఏ హెచ్ఆర్. ఈమధ్య ప్రతి రెండో ఇంట్లో ఇదే మాట. పేరున్న సంస్థలో సీటొస్తే సంతోషమే. మామూలు కాలేజీలో లక్షలు పోసి చదివి, కన్సల్టెన్సీలో కూర్చుని పొద్దస్తమానం అభ్యర్థులకు ఫోన్లు చేసే పిల్లలు నా దగ్గరికి చాలామంది వస్తారు. హెచ్ఆర్ అంటే ఇదేనా సార్ అని అడుగుతారు. దానికోసం లోన్ మాత్రం ముట్టుకోకండి.

అలాగని మీవాడు అనుకుంటున్నంత తేలిక కూడా కాదు. యూనియన్ లీడర్ అనేది ఉద్యోగం కాదు, అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఎవరూ ఇవ్వరు. చట్టం ప్రకారం ఆఫీస్ బేరర్లలో, అంటే యూనియన్ పదవుల్లో ఉండేవాళ్లలో, బయటివాళ్లు మూడో వంతు లేదా ఐదుగురు, ఏది తక్కువైతే అంతే. మిగతావాళ్లంతా ఆ పనిలో ఉన్నవాళ్లే కావాలి. పూర్తికాలం పనిచేసేవాళ్లకు యూనియన్ ఇచ్చేది జీతం అనేంత ఉండదు. కాబట్టి లా చదవడమే తెలివైన పని. లేబర్ కోర్టులో ప్రాక్టీసు పెట్టుకుంటే ఇల్లు గడుస్తుంది, కార్మికులూ పరిచయమవుతారు. లా సీటుకు రాసే ప్రవేశ పరీక్ష లాసెట్ గురించి నేను చెప్పక్కర్లేదు.

వి.వి. గిరి డబ్లిన్‌లో లా చదివొచ్చి, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టారు, రాష్ట్రపతి కూడా అయ్యారు. ఆయన రాష్ట్రపతిగా ఉండగానే 1974 మేలో రైల్వే సమ్మెను ప్రభుత్వం అణిచేసింది, వేలమంది జైలుకెళ్లారు. అబ్బాయికి మొదటి సగం ఒక్కటే చెప్పకండి.

గేట్ మీటింగ్‌లో మైకు పట్టుకోవడం ఈ పనిలో చిన్న ముక్క. మిగతాదంతా సెలవులు, డ్యూటీ చార్టు తగాదాలు, తప్పు చేశావంటూ యాజమాన్యం ఇచ్చే ఛార్జిషీట్లకు జవాబులు. మీ డిపోలో ఎవరికైనా టికెట్ కేసు (టికెట్ల లెక్కలో తేడా వచ్చిందని పెట్టే కేసు) పడితే, ఆయన్ని అడిగి ఆ ఛార్జిషీటు ఇంటికి తెచ్చి, జవాబు రాయమని మీవాడికివ్వండి. రెండో పేజీకే విసుక్కుంటే అప్పుడు ఎంబీఏ సంగతి మళ్లీ మాట్లాడుకుందాం.