హీరో ఇలా ఉంటే పిల్లలు ఏం నేర్చుకుంటారు?

ప్రశ్న: మా అబ్బాయికి పదేళ్లు. ‘డైరీ ఆఫ్ ఎ వింపీ కిడ్’ పట్టుకుంటే అన్నానికి పిలిచినా లేవడు. ఏముందా అని నేనూ చదివాను. అందులో గ్రెగ్ అనేవాడు ఒట్టి స్వార్థపరుడు, అబద్ధాలకోరు, ప్రాణ స్నేహితుడికే హ్యాండిస్తాడు. ఇలాంటివాడు హీరో ఏంటండీ? పుస్తకం లాక్కోమంటారా?
– ఒక అమ్మ, ఖమ్మం

జవాబు: లాక్కోకండి. లాక్కుంటే దుప్పట్లో దూరి చదువుతాడు, అంతే తేడా.

మీకు ఒళ్లు మండిన చోటు ఏదో నాకు తెలుసులెండి. చిన్న పిల్లల్ని బడి నుంచి ఇంటికి దిగబెట్టే డ్యూటీలో ఉండి, పుల్లకి వానపామును తగిలించి వాళ్లనే తరుముతాడు గ్రెగ్. ఆ రోజు వాడి ఒంటి మీదున్నది స్నేహితుడు రౌలీ కోటు, దాంతో చూసినవాళ్లు రౌలీ అనుకుని బడికి చెప్పేస్తారు, పాపం వాడి డ్యూటీ కొన్నాళ్లు ఊడుతుంది. ‘ఏది సరైనదో అది చెయ్యి’ అని అమ్మ చెబితే, మనవాడు బాగా ఆలోచించి, ఈసారికి రౌలీనే నింద మొయ్యనివ్వడం సరైనదని తేల్చుకుంటాడు!

మీ అబ్బాయి పడీపడీ నవ్వేది ఇలాంటి చోటే. గ్రెగ్ తను మంచివాడిననే అనుకుంటాడు, చదివే పిల్లాడికి మాత్రం వాడి బండారం కనిపిస్తూనే ఉంటుంది. పొద్దున లేస్తే తన తప్పులు మనం పట్టుకోవడమే తప్ప, పదేళ్లవాడికి ఇంకొకడి తప్పు తనంతట తాను పట్టుకునే ఛాన్స్ ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? 2007లో పిల్లల పుస్తకంగా వచ్చింది కానీ, రచయిత జెఫ్ కిన్నీ దీన్ని చిన్నతనం గుర్తు చేసుకునే పెద్దవాళ్ల కోసం మొదలుపెట్టాడు. నీతి చెప్పే తొందర అందులో కనిపించకపోవడానికి అదీ ఒక కారణమేమో. అలాగని గ్రెగ్ తప్పించుకోడు, నిజం బయటపడి వాడి డ్యూటీ కూడా పోతుంది.

మన బుడుగుతో మాత్రం పోల్చకండి. బుడుగు ఎంత అల్లరి చేసినా ముద్దొస్తాడు. గ్రెగ్ ముద్దు రాడు, రాకూడదు కూడా. నా గొడవల్లా వేరే: ఎన్ని భాగాలొచ్చినా వాడు అలాగే ఉంటాడు, వరసగా నాలుగైదు చదివితే నాకు విసుగొచ్చింది. పిల్లలకి రాదు, అదేంటో!

మీకు టెన్షన్‌గానే ఉంటే ఒక్కటి అడిగి చూడండి: ‘బెంచీలో నీ పక్కన ఎవరు కూర్చోవాలి, గ్రెగ్గా, రౌలీనా?’ మా మేనకోడల్ని అడిగితే పుస్తకంలోంచి తలెత్తకుండానే చెప్పింది: ‘రౌలీ. గ్రెగ్ అయితే నా టిఫిన్ తినేసి, నేనే తిన్నానని టీచర్‌కి చెప్తాడు.’