ముగ్గురు పిల్లలు, ఒక్క ఆదివారం

ప్రశ్న: మా పెద్దమ్మాయికి 14, అబ్బాయికి 8, చిన్నమ్మాయికి 3 సంవత్సరాలు. నెలకు ఒక్కసారైనా కుటుంబమంతా కలిసి బయటికి వెళ్లాలని నియమం పెట్టుకున్నాం. ఎక్కడికి వెళ్లినా ఒకరికి నచ్చింది మరొకరికి నచ్చదు. పెద్దమ్మాయి ఫోను తీసి ఓ మూల కూర్చుంటుంది, అబ్బాయి కనబడినదల్లా కొనమంటాడు, చిన్నది గంట గడవకముందే ఎత్తుకొమ్మని ఏడుస్తుంది. అయిదుగురికి టికెట్లు కొని, ఎవరికీ సంతోషం లేకుండా ఇంటికి తిరిగి రావలసి వస్తోంది. ఎక్కువ ఖర్చు లేకుండా ముగ్గురికీ నచ్చే చోటు ఏదైనా చెప్పగలరా?
– ఒక తల్లి

జవాబు: ముగ్గురికీ సమానంగా నచ్చే చోటును వెతకడం మానుకోమన్నదే మా మొదటి సలహా. పదకొండేళ్ల ఎడం ఉన్న పిల్లలకు ఒకే వినోదం సరిపోవడం అరుదు. అన్ని వయసులవారికీ తగిన వినోదం తమ దగ్గరే ఉందని చెప్పుకునే చోట్లు ఆ మాటకు కూడా కలిపి టికెట్ ధర నిర్ణయిస్తాయి. మీరు వెతకవలసింది ఒకే పనిని ముగ్గురూ తమ తమ వయసుకు తగిన లోతులో చేయగలిగిన చోటును. అలాంటి చోట్లలో చాలావాటికి టికెట్టే ఉండదు.

ఉదాహరణకు, చెట్లున్న ఒక పార్కును తీసుకోండి. ఎండ ఉన్న వేళ ఒక మీటరు పొడవున్న కర్రను నేల మీద నిటారుగా నిలబెట్టి దాని నీడను కొలిస్తే 80 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. అదే సమయానికి దగ్గరలోని చెట్టు నీడ, మొదలు నుంచి కొన వరకు, 8 మీటర్లు ఉంటే ఆ చెట్టు ఎత్తు 10 మీటర్లని ఎవరూ ఎక్కకుండానే తేలిపోతుంది. ప్రాచీన గ్రీకు తత్త్వవేత్త థేలీస్ ఈజిప్టులోని పిరమిడ్ ఎత్తును నీడ సాయంతోనే కనుక్కున్నాడని చెబుతారు. ఇందులో లెక్క కట్టడం మీ పెద్దమ్మాయి పని, టేపు పట్టి కొలవడం అబ్బాయి పని, చెట్టు నీడ కొస ఎక్కడుందో పరుగెత్తి వెళ్లి దాని మీద నిలబడి చూపించడం చిన్నమ్మాయి పని. నీడ నిలకడగా ఉండదు గనుక రెండు కొలతలనూ వెంటవెంటనే తీసుకోవాలి. ఆ సంగతిని మాత్రం మీరు ముందుగా చెప్పకండి, ఒకసారి లెక్క తప్పితే పెద్దమ్మాయి తానే కనిపెడుతుంది.

రాలిన ఆకులతోనూ ఇలాంటి పనే చేయించవచ్చు. చిన్నమ్మాయి వాటిని రంగులను బట్టి కుప్పలు పెడుతుంది. అబ్బాయి ఆకు మీద పలుచని కాగితం పరిచి, పెన్సిలును ఏటవాలుగా పట్టుకుని రుద్ది, ఆకు ఈనెలు అచ్చుపడేలా చేస్తాడు. ఆ అచ్చుల్లో వలలా అల్లుకున్న ఈనెలు ఏవి, పక్కపక్కనే బారులు తీరిన ఈనెలు ఏవి అని వేరుచేసి, అది గింజలో రెండు బద్దలుండే ద్విదళ బీజపు మొక్కో, ఒకే బద్ద ఉండే ఏకదళ బీజపు మొక్కో ఊహించడం పెద్దమ్మాయి వంతు. పాఠ్యపుస్తకంలో విసుగు పుట్టించిన విషయమే చేతిలోకి వచ్చేసరికి వేరుగా తోస్తుంది. అయితే ఇది కూడా పాఠమేనని మీ గొంతులో వినబడిందా, ఆమె మళ్లీ ఫోను తీయడం ఖాయం.

ఇంత చేసినా చిన్నమ్మాయి అన్నతోనూ అక్కతోనూ కలవకుండా తన లోకంలో తానుంటే నొచ్చుకోకండి. అమెరికన్ పరిశోధకురాలు మిల్డ్రెడ్ పార్టెన్ బడి ఈడుకు రాని పిల్లల ఆటలను గమనించి 1932లో చేసిన వర్గీకరణలో, పక్కపక్కనే ఉండి ఎవరి ఆట వారు ఆడుకోవడాన్ని ఒక ప్రత్యేకమైన దశగా చూపించారు. మూడేళ్ల బిడ్డ తోబుట్టువుల పక్కన కూర్చుని ఇసుక పోసుకుంటోందంటే, తన లెక్కలో ఆమె వారితో కలిసి ఆడుతున్నట్టే.

ఇక వేళ సంగతి. చాలా కుటుంబాల విహారం చెడేది చోటు వల్ల కాక వేళ వల్లనేనని మా అభిప్రాయం. మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకు, పగటి కునుకుతో కలిపి, రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. 13 నుంచి 18 ఏళ్లవారికి 8 నుంచి 10 గంటలు కావాలి, పైగా ఆ వయసులో శరీరంలోని గడియారమే కొంత వెనక్కి జరిగి, నిద్ర ఆలస్యంగా పట్టి, ఆలస్యంగా వదులుతుంది. ఆదివారం ఉదయం పెద్దమ్మాయిని కసిరి లేపి, మధ్యాహ్నం చిన్నమ్మాయి కునుకును ఎగ్గొట్టి తిప్పితే, సగం రోజు ఒకరి విసుగూ మిగతా సగం మరొకరి ఏడుపూ మీకు మిగులుతాయి. చిన్నమ్మాయి కునుకు తీసి లేచాక బయలుదేరి, చీకటి పడేలోగా తిరిగి వచ్చే రెండు మూడు గంటల విహారం మీ ఇంటికి సరిగ్గా సరిపోతుంది. చిన్నమ్మాయి ఇంకా హుషారుగా ఉన్నప్పుడే ఇంటిదారి పట్టండి. పెద్దవాళ్లు ఇద్దరు వెళితే, చివరి అరగంట ఒకరు చిన్నమ్మాయితో నీడపట్టున కూర్చుని, రెండోవారు మిగతా ఇద్దరినీ వేగంగా ఒక చుట్టు తిప్పి తీసుకురావచ్చు.

ఖర్చు విషయంలో ఒక చిన్న పని చేయమంటాం. గత నెల విహారానికి అయిన ఖర్చును జ్ఞాపకం ఉన్నంతవరకు రాసి చూడండి. టికెట్ల వాటా ఎంత, ఆకలి, దాహం, మరిచిపోయిన వస్తువులు, ఏడుపు మాన్పడానికి కొన్న బొమ్మల వాటా ఎంత అన్నది అందులోనే బయటపడుతుంది. తిండీ నీళ్లూ ఇంటి నుంచి పట్టుకెళ్లడం, చిన్నమ్మాయికి ఒక జత బట్టలు అదనంగా ఉంచుకోవడం మీకు తెలియనివి కావు. అబ్బాయి విషయంలో మాత్రం పద్ధతి మార్చండి. బయలుదేరే ముందే ఒక చిన్న మొత్తాన్ని అతని చేతికిచ్చి, దేనికి ఖర్చు పెట్టినా అతని ఇష్టమేనని, అది అయిపోతే మళ్లీ ఇవ్వడం ఉండదని చెప్పండి. ఎనిమిదేళ్లవాడికి సొంత డబ్బు మీద కలిగే మమకారం మనం ఊహించలేం. మొదటిసారి గేటు దగ్గరే మొత్తం ఖర్చు పెట్టేస్తాడు, పెట్టనివ్వండి.

ప్రశ్న: నేను పని ముగించుకుని ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. పిల్లలకు 11, 6 సంవత్సరాలు. రాత్రిపూట ఖర్చు లేకుండా వారిని ఎక్కడికి తీసుకువెళ్లాలి?
– ఒక తండ్రి

జవాబు: వీధి దీపాల వెలుగు నేరుగా కంట పడని మేడ మీదికో మైదానానికో తీసుకువెళ్లండి. ఆకాశానికి టికెట్ లేదు, కాని దానికి కొంత ఓపిక కావాలి. వెలుతురులో నుంచి వచ్చిన కన్ను చీకటికి బాగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఈలోగా ఎవరైనా ఒక్కసారి ఫోను తెర చూస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. టార్చి తప్పనిసరైతే దాని ముఖానికి ఎర్రని పలుచటి కాగితం చుట్టండి, ఎర్రని కాంతి ఆ అలవాటును అంతగా చెడగొట్టదు. ఆరేళ్ల బిడ్డ అరగంట ఊరికే కూర్చోడు గనుక ఆ సమయంలో చెవికి పని పెట్టండి. కళ్లు మూసుకుని ఎన్ని రకాల చప్పుళ్లు వినబడ్డాయో వేళ్ల మీద లెక్కపెట్టమనండి.

మొదటిసారికి పౌర్ణమి మంచిదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. నిండు చంద్రుడి మీద వెలుగు ఎదురుగా పడుతుంది గనుక గుంటలకు నీడలుండవు, పైగా ఆ వెన్నెల్లో చిన్న చుక్కలన్నీ మాసిపోతాయి. శుక్లపక్ష అష్టమి నాడు చూడండి. వెలుగూ చీకటీ కలిసే గీత పొడవునా గుంటలూ కొండలూ నీడలతో సహా మామూలు బైనాక్యులర్‌లోనే తెలుస్తాయి. చేతులు వణకకుండా గోడకు ఆనించి పట్టుకోవాలి. గురుగ్రహం సాయంత్రపు ఆకాశంలో ఉండే నెలల్లో, దాని పక్కన ఒకే వరుసలో చిన్న చుక్కల్లా నాలుగు ఉపగ్రహాలు అదే బైనాక్యులర్‌లో కనబడతాయి. గెలీలియో 1610 జనవరిలో చూసినవి అవే. రోజుకొక బొమ్మ చొప్పున వారం రోజులు వాటిని గీయమంటే, అవి చోటు మారుతున్నాయని మీ పదకొండేళ్ల బిడ్డకు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. చిన్నవారికి కృత్తికల లెక్క చాలు. ఉత్త కంటికి చాలామందికి ఆరు కనబడతాయి, బైనాక్యులర్‌లో డజన్ల కొద్దీ చుక్కలు బయటపడతాయి. ఈ ఒక్క పోటీలో చిన్నవారి కళ్లే గెలిచే అవకాశం ఎక్కువ.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున, గంటన్నరకు ఒకసారి భూమిని చుట్టి వస్తుంటుంది. సూర్యాస్తమయం తరువాత కాసేపూ, సూర్యోదయానికి ముందు కాసేపూ, మిణుకుమనకుండా సాగిపోయే ప్రకాశవంతమైన చుక్కలా కనబడుతుంది. మీ ప్రాంతానికి అది ఏ రోజు, ఏ వేళకు వస్తుందో నాసా ఉచితంగా తెలియజేస్తుంది. ఉల్కలు చూడాలంటే ఆగస్టు 12, 13 తేదీల రాత్రులూ, డిసెంబరు 13, 14 తేదీల రాత్రులూ పేరుపడినవి. ఆగస్టు ఉల్కలు అర్ధరాత్రి దాటాక గాని జోరందుకోవు. పిల్లలు మేలుకుని ఉండగానే కనబడడం మొదలుపెట్టే డిసెంబరు ఉల్కలే మీకు అనువైనవి.

ప్రశ్న: మాకు 10, 4 సంవత్సరాల పిల్లలున్నారు. జంతు ప్రదర్శనశాలకు ఏడాది పాస్ తీసుకోవడం లాభమా?
– ఒక పాఠకురాలు

జవాబు: పాస్ ధరను, ఏడాదికి ఎన్నిసార్లు వెళ్లాలనుకుంటున్నారో ఆ సంఖ్యతో కాక, కిందటి ఏడాది నిజంగా ఎన్నిసార్లు వెళ్లారో ఆ సంఖ్యతో భాగించి, ఒక్కసారికి అయ్యే విడి టికెట్ల మొత్తంతో పోల్చి చూడండి. నాలుగేళ్ల బిడ్డకు అసలు టికెట్ అవసరమో కాదో కూడా ముందే అడగండి, ఎందుకంటే ఒక వయసు వరకు ఉచితంగా వదిలే చోట్లు చాలా ఉన్నాయి. లెక్క అటూ ఇటూగా తేలితే పాస్ వైపే మొగ్గమంటాం. టికెట్ కొన్ననాడు డబ్బు వృథా కాకూడదని అన్ని బోనులూ చూపించాలన్న పట్టుదల మనకు పుడుతుంది. పాస్ ఉంటే ఏనుగును ఒక్కదాన్నే గంటసేపు చూసి వచ్చేయవచ్చు. మ్యూజియాల విషయంలో ఉచిత ప్రవేశం ఉండే రోజులేవో టికెట్ కిటికీ దగ్గరే అడిగి తెలుసుకోండి. 1977 నుంచి ఏటా మే 18న జరుపుకుంటున్న అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం సందర్భంగా ఎన్నో దేశాల్లో చాలా మ్యూజియాలు టికెట్ లేకుండా లోపలికి అనుమతిస్తాయి. కాని ఆ రోజు రద్దీ ఎక్కువ, నాలుగేళ్ల బిడ్డకు అద్దాల పెట్టెల బదులు జనం కాళ్లే కనబడతాయి.

ప్రశ్న: నాకు 13 ఏళ్లు. మా తమ్ముడికి 5. ఎక్కడికి వెళ్లినా వాడి చెయ్యి పట్టుకుని తిరగడం నా పనే. నాకు చూడాలనిపించింది ఒక్కటీ చూడలేను. వద్దంటే స్వార్థపరురాలినంటారు. నేనేం చేయాలి?
– ఒక అక్క

జవాబు: అమ్మా, ఇందులో స్వార్థం ఏమీ లేదు. నువ్వు కూడా విహారానికే వెళుతున్నావు, కాపలాకు కాదు. అయితే గొడవ అక్కడికి వెళ్లాక పెట్టుకుంటే ఎవరూ వినరు గనుక ముందురోజు సాయంత్రమే అమ్మానాన్నలతో మాట్లాడు. "వాణ్ని చూసుకోను" అనే బదులు, "మొదటి అరగంట వాడు నాతో ఉంటాడు, తరువాతి గంట నాది" అని గడియారం లెక్కన అడుగు. కచ్చితమైన లెక్కను కాదనడం పెద్దలకు కొంచెం కష్టం. దానికి బదులుగా మరో పని నీ మీద వేసుకో. ఏ బస్సులో వెళ్లాలి, ఎక్కడ దిగాలి, ఎంత ఖర్చవుతుంది అన్నవి ముందే చూసి పెట్టడమో, ఖర్చు రాయడమో నీ చేతిలోకి తీసుకుంటే, ఎక్కడికి వెళ్లాలన్న చర్చలో నీ మాటకూ విలువ వస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండు. చెరువు, ఈతకొలను, సముద్రతీరం, రద్దీ రోడ్డు దగ్గర తమ్ముణ్ని కనిపెట్టుకుని ఉండే బాధ్యత పెద్దవాళ్లదే. నీళ్లలో మునుగుతున్న పిల్లలు కేకలు వేయరు, చప్పుడు లేకుండా క్షణాల్లో ప్రమాదం జరిగిపోతుంది. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఒక పెద్ద మనిషి ఉండి తీరాలి, పదమూడేళ్ల అక్క ఉంటే చాలదు. ఇది నీ నోటితో చెప్పడానికి మొహమాటంగా ఉంటే, ఈ పేజీని అమ్మ కంట పడే చోట తెరిచి పెట్టు, మాకేమీ అభ్యంతరం లేదు.