తేలికపాటి రెడ్ వైన్ ఏది ఎంచుకోవాలి, తాగే అదును ఎలా తెలుస్తుంది?

వగరు తక్కువగా, పండ్ల రుచి ముందు తగిలేలా కావాలంటే ఫ్రాన్స్‌లోని బోజొలే వైన్‌తో మొదలుపెట్టండి. అక్కడి గమే రకం ద్రాక్ష గుత్తులను చిదపకుండానే తొట్టెలో పోసి పులియబెడతారు. అందుకే తొక్కలోని వగరు పెద్దగా దిగదు, చెర్రీ, స్ట్రాబెర్రీ వాసన నిలుస్తుంది. లేబుల్ మీద ఆల్కహాల్ 12–13 శాతం ఉన్నది తీసుకోండి.

ద్రాక్ష కోసిన సంవత్సరం తప్పకుండా చూడండి. మామూలు బోజొలేను రెండు మూడేళ్లలోపే తాగేయాలి; దాచితే బాగుపడదు, ఉన్న పండు వాసనా పోతుంది. అదే ప్రాంతంలో తయారయ్యే మోర్గోన్ అనే వైన్ వేరు, మంచి ఏడాదిదైతే 5 నుంచి 10 ఏళ్లు నిలుస్తుంది.

గ్లాసును తెల్ల కాగితం మీద వంచి అంచు చూడండి. ఊదా ఛాయ కనిపిస్తే లేతది, ఇటుక రంగుకు తిరిగితే వయసు మీరుతున్నట్టు. రంగు కన్నా ముక్కునే నమ్మండి. తాజా పండు బదులు కోసి వదిలేసిన ఆపిల్ వాసన వస్తే గాలి తగిలి పాడైందన్నమాట. తడి అట్టపెట్టె వాసనైతే దోషం బిరడాది, ఎన్నాళ్లు ఆగినా పోదు.

13 డిగ్రీల దగ్గర తాగండి. వెచ్చగా ఉంటే ఆల్కహాల్ ఘాటెక్కుతుంది. మరీ చల్లబడితే వాసన ముడుచుకుని వగరు పైకొస్తుంది. చాలామంది దాన్నే ‘ఇంకా పక్వానికి రాలేదు’ అనుకుంటారు. గ్లాసును అరచేతుల్లో పట్టుకుని పది నిమిషాలాగి మళ్లీ చూడండి.