నోబెల్ వచ్చేసిన బ్యాక్టీరియా మీద ఇంకా పరిశోధన ఏముంటుంది?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం, మైక్రోబయాలజీ. కడుపులో ఉండే ఒక బ్యాక్టీరియా వల్ల క్యాన్సర్ వస్తుందని క్లాసులో విన్నప్పటి నుంచి దాని మీదే పరిశోధన చేస్తానంటోంది. క్యాన్సర్ మీద పనిచేయాలంటే డాక్టరై ఉండాలి కదా? పైగా దాన్ని కనిపెట్టినవాళ్లకు ఎప్పుడో నోబెల్ కూడా ఇచ్చేశారట. ఇక కొత్తగా చేయడానికి ఏం మిగిలి ఉంటుంది?

జవాబు: ముందు మీ రెండో సందేహం చూద్దాం. అది తీరితే మొదటిదానికి జవాబు సగం దొరికినట్టే.

మీ అమ్మాయి చెబుతున్న బ్యాక్టీరియా పేరు హెలికోబ్యాక్టర్ పైలోరీ. కడుపులోని ఆమ్లంలో ఏ సూక్ష్మజీవీ బతకదని అందరూ నమ్ముతున్న రోజుల్లో, 1979లో, ఆస్ట్రేలియాలోని రాయల్ పెర్త్ ఆస్పత్రి పాథాలజిస్టు రాబిన్ వారెన్ కడుపు బయాప్సీ స్లైడు మీద వంకర తిరిగిన బ్యాక్టీరియాను గమనించారు. తర్వాత బ్యారీ మార్షల్ అనే యువ వైద్యుడు ఆయనతో కలిశారు. ల్యాబులో పెంచుదామంటే అవి ఎంతకీ పెరగలేదు. ప్లేట్లను రెండు రోజులు చూసి పారేయడం అప్పటి పద్ధతి. 1982 ఈస్టర్ సెలవుల్లో మాత్రం ప్లేట్లు ఇంక్యుబేటర్‌లోనే ఉండిపోయాయి, సెలవులయ్యాక చూస్తే కాలనీలు కనిపించాయి. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాను స్వయంగా తాగి కడుపులో వాపు తెచ్చుకున్నారు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

అయితే ఆ బహుమతి ఇచ్చింది గ్యాస్ట్రైటిస్ (కడుపు పొర వాపు), అల్సర్లలో ఈ బ్యాక్టీరియా పాత్రను కనిపెట్టినందుకు. క్యాన్సర్‌తో దీని సంబంధాన్ని తేల్చింది వేరే చేతులు, చాలా చేతులు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే కారకాల మొదటి గ్రూపులో చేర్చింది. పొగాకు ఉన్నదీ ఆ గ్రూపులోనే. 2001లో జపాన్ నుంచి ఒక అధ్యయనం వెలువడింది. 1,526 మంది రోగులను సగటున 7.8 ఏళ్ల పాటు గమనించారు. బ్యాక్టీరియా ఉన్న 1,246 మందిలో 36 మందికి జీర్ణాశయ క్యాన్సర్ వచ్చింది. లేని 280 మందిలో ఒక్కరికీ రాలేదు.

ఈ అంకెలను మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఇంకోసారి చదవండి. ఆ 280 మందిలో ఒక్కరికీ రాలేదంటే సంబంధం ఎంత గట్టిదో తెలుస్తుంది. మరి బ్యాక్టీరియాను మోస్తూ కూడా ఆ కాలంలో క్యాన్సర్ రాని 1,210 మంది సంగతేమిటి? వాళ్లనెవరు కాపాడారు? ఈ బ్యాక్టీరియాను ప్రపంచంలో కోట్లమంది ఏళ్ల తరబడి కడుపులో మోస్తుంటారు, వాళ్లలో క్యాన్సర్ దాకా వెళ్లేది కొద్దిమందే. ఆ కొద్దిమంది ఎవరన్నది ముందుగా కచ్చితంగా చెప్పగలిగే పరీక్ష ఇంకా లేదు. మీ అమ్మాయికి పని ఉన్నది సరిగ్గా అక్కడే, ఒక జీవితకాలానికి సరిపడా ఉంది.

కొంత తెలిసింది. కొన్ని రకాల పైలోరీ సూదిలాంటి నిర్మాణంతో మన కడుపు పొర కణాల్లోకి క్యాగ్-ఎ అనే ప్రొటీన్‌ను ఎక్కిస్తాయి. అది కణం లోపలి సంకేతాలను తారుమారు చేస్తుంది. అందరిలోనూ ఒకే రకం ఉండదు. ఆశ్చర్యం కలిగించే సంగతి ఇంకొకటి ఉంది. అదే జపాన్ అధ్యయనంలో చిన్నపేగు మొదట్లో అల్సర్ ఉన్నవాళ్లలో ఎవరికీ జీర్ణాశయ క్యాన్సర్ రాలేదు. బ్యాక్టీరియా ఒకటే. వాపు కడుపు కింది భాగానికే పరిమితమై ఆమ్లం ఎక్కువగా ఊరేవాళ్లు అల్సర్ వైపు వెళ్తారు. వాపు పైభాగమంతా పాకి, ఆమ్లం ఊరే గ్రంథులు క్షీణించినవాళ్లలో క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ఈ రెండో దారిని పెలాయో కొర్రెయా అనే పాథాలజిస్టు మెట్లు మెట్లుగా వర్ణించారు. మొదట వాపు, తర్వాత గ్రంథుల క్షీణత, తర్వాత కడుపు పొర పేగు పొరలా మారిపోవడం, ఆపై కణాల వికృతి, చివరికి క్యాన్సర్. దీనికంతా దశాబ్దాలు పడుతుంది. ఏ మెట్టు దగ్గర యాంటీబయాటిక్ ఇస్తే వెనక్కి మళ్లించవచ్చు, ఏ మెట్టు దాటితే ఆలస్యమైనట్టు? దీని మీద ఇప్పటికీ పరిశోధనలు నడుస్తున్నాయి.

(ఇది చదివి ఇంటిల్లిపాదికీ యాంటీబయాటిక్స్ కొనకండి. పరీక్ష ఎవరికి, చికిత్స ఎవరికి అన్నది డాక్టర్ చెప్పాలి. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని పైలోరీని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో కొత్త మందులు అత్యవసరమైన బ్యాక్టీరియాల జాబితాలో పెట్టింది. మందులు ఇష్టమొచ్చినట్టు వాడితే ఆ సమస్య ఇంకా ముదురుతుంది.)

ఇక మెడిసిన్ సంగతి. ఎండోస్కోపీ చేసి బయాప్సీ తీయాలన్నా, స్లైడు చూసి రోగనిర్ధారణ చేయాలన్నా డాక్టరే కావాలి. ఆ రెండు పనుల మీద మీ అమ్మాయికి మనసుంటే మెడిసినే దారి. మిగతా గొలుసంతా ఇతరుల చేతుల్లోనే నడుస్తుంది. బ్యాక్టీరియాను పెంచి మందులకు లొంగుతుందో లేదో చూసేది మైక్రోబయాలజిస్టు. క్యాగ్-ఎ కణంలో ఏం చేస్తుందో తేల్చేది మాలిక్యులర్ బయాలజిస్టు. వేలమందిని ఏళ్ల తరబడి గమనించి లెక్క తేల్చేది ఎపిడెమియాలజిస్టు, స్టాటిస్టీషియన్. తైవాన్‌కు చెందిన మాత్సు దీవుల్లో 2004 నుంచి ముప్పై ఏళ్లు, ఆపై వయసున్న జనాన్ని పరీక్షించి చికిత్స చేస్తూ వచ్చారు, అక్కడ జీర్ణాశయ క్యాన్సర్ కేసులు సగానికి తగ్గాయి. అలాంటి ఫలితం డాక్టర్లు ఒక్కరితోనే వచ్చేది కాదు.

రోజువారీ పని ఎలా ఉంటుందో కూడా ఆమెకు తెలియాలి. పైలోరీ పెంకి బ్యాక్టీరియా. కొద్ది మిల్లీమీటర్ల బయాప్సీ ముక్క త్వరగా ల్యాబుకు చేరాలి. మామూలు గాలిలో పెరగదు, ఆక్సిజన్ 5 శాతం దగ్గర ఉంచాలి. మూడు నుంచి ఏడు రోజులు ఆగితే గుండుసూది తలంత, పారదర్శకమైన కాలనీలు కనిపిస్తాయి. ఒకటి తీసి పసుపురంగు యూరియా ద్రావణంలో కలిపితే నిమిషాల్లో గులాబీ రంగుకు తిరుగుతుంది. ప్లేటును మరీ ఎక్కువ రోజులు వదిలేస్తే వంకర కణాలు గుండ్రంగా మారిపోతాయి, మళ్లీ పెంచడం దాదాపు కుదరదు. వారాల పని ఒక్క పూట నిర్లక్ష్యంతో పోతుంది. ఇది విని ఆమెకు విసుగొస్తే జన్యు సమాచారాన్ని కంప్యూటర్‌లో విశ్లేషించే బయోఇన్ఫర్మాటిక్స్ వైపు చూడమనండి, ఉత్సాహమొస్తే ల్యాబులోనే ఉండమనండి.

సొంతంగా పరిశోధన నడపాలంటే పీహెచ్‌డీ తప్పదు. పీజీతో కలిపి ఆరేడేళ్లు అనుకోండి, ఆ తర్వాత కూడా కొన్నేళ్లు తాత్కాలిక ఉద్యోగాలే ఉండవచ్చు. ఇంట్లో ఈ మాట ఇప్పుడే అనుకోవడం మంచిది. అంతకాలం వద్దనుకుంటే డయాగ్నస్టిక్ ల్యాబులు, మందుల ప్రయోగాలు చూసే క్లినికల్ రిసెర్చ్ సంస్థల్లో పీజీతోనే పని దొరుకుతుంది.

ఈ రెండేళ్లలో స్టాటిస్టిక్స్ గట్టిగా నేర్చుకోమనండి, దాంతో పాటు ఆర్ గానీ పైథాన్ గానీ, ఏదో ఒక ప్రోగ్రామింగ్ భాష. పైలోరీ జన్యుక్రమం 1997లోనే వెలువడింది. సుమారు 16.7 లక్షల డీఎన్ఏ అక్షరాలు, అంటే విద్యార్థి కంప్యూటర్‌లో సులువుగా పట్టేంత. 26695 అనే ఆ స్ట్రెయిన్ (ఉపరకం) జన్యుక్రమాన్ని ఎన్‌సీబీఐ అనే అమెరికా సంస్థ డేటాబేస్ నుంచి ఉచితంగా దించుకోవచ్చు. అందులో క్యాగ్ జన్యువులు గుంపుగా ఉన్న భాగాన్ని తనంతట తాను వెతికి పట్టుకోమనండి. 1999లో వెలువడిన జె99 స్ట్రెయిన్‌తో పోల్చి, ఆ తేడాల్లో ఏవి తనకు అర్థం కాలేదో రాసుకోమనండి. ఇంటర్వ్యూలో మార్కుల జాబితా కన్నా ఆ కాగితం ఎక్కువ మాట్లాడుతుంది.

పీజీ ప్రాజెక్టుకో, పీహెచ్‌డీకో ల్యాబును ఎంచుకునేటప్పుడు మూడు ప్రశ్నలు అడగమనండి. రోగుల బయాప్సీలు అందుతాయా, పాత స్ట్రెయిన్ల మీదే పనా? బయాప్సీలు వాడటానికి ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా? కలిసి పనిచేసే పాథాలజిస్టు, గ్యాస్ట్రోఎంటరాలజిస్టు ఎవరు? మూడోదానికి పేర్లతో సహా జవాబు చెప్పలేని ల్యాబులో క్యాన్సర్ ప్రశ్న మీద పనిచేయడం కష్టం. అలాంటిచోట చేరేముందు ఇంకో ల్యాబు వెతుక్కోవాలి.