డెరివేటివ్ సున్నా చేశాను, అయినా మార్కులు పోయాయి

ప్రశ్న: మాస్టారూ, మాది పలాస, ఇంటర్ చదువుతున్నాను. ఎక్స్ క్యూబ్ మైనస్ 3 ఎక్స్‌కి 0 నుంచి 3 వరకు, చివరలు కూడా కలిపి, గరిష్ఠ కనిష్ఠ విలువలు కనుక్కోమన్నారు. డెరివేటివ్ సున్నా చేస్తే 1, మైనస్ 1 వచ్చాయి. కనిష్ఠం మైనస్ 2, గరిష్ఠం 2 అని రాస్తే రెండోది కొట్టేశారు. రెండో డెరివేటివ్ కూడా చూశాను కదా, తప్పెక్కడ? ఈ చాప్టరంటేనే టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని

జవాబు: నువ్వు చేసిన డెరివేటివ్ సరైనదే తల్లీ. కానీ మైనస్ 1 అనేది 0కీ 3కీ మధ్య లేనే లేదు, కాబట్టి అక్కడొచ్చిన 2తో మనకి పని లేదు. ఇప్పుడు 3 వేసి చూడు. 27లోంచి 9 పోతే 18. గరిష్ఠం అదీ! అక్కడ డెరివేటివ్, అంటే విలువ పెరిగే వేగం, ఎంతో తెలుసా, 24. సున్నా కాదు, సున్నాకి దగ్గర కూడా కాదు.

ఎందుకలా అంటే, అసలు సున్నా ఎందుకు చేస్తున్నామో ముందు చేత్తో చూడాలి. మీ ఊళ్ళో జీడిపప్పు అట్టపెట్టెలకి కొదవ లేదు కదా, 30 సెంటీమీటర్ల చదరపు అట్ట ఒకటి తీసుకుని, నాలుగు మూలలా ఒకే కొలత చదరాలు కత్తిరించి, అంచులు పైకి మడువు. మూత లేని పెట్టె అవుతుంది. మూలల్లో 2 సెంటీమీటర్లు కోస్తే 1352 ఘన సెంటీమీటర్లు పడుతుంది, ఇంకొక్క మిల్లీమీటరు ఎక్కువ కోస్తే దాదాపు 1398, అంటే ఒక్క మిల్లీమీటరుకే 46 పెరిగింది. అదే 5 దగ్గర సరిగ్గా 2000. అక్కడ కత్తెర మిల్లీమీటరు అటు జరిగినా ఇటు జరిగినా తగ్గేది ఒకటి కూడా ఉండదు, 0.6 అంతే. పెరగడం ఆగిపోయి, తగ్గడం ఇంకా మొదలవని చోటు అది, డెరివేటివ్ సున్నా అంటే నాకు ఎప్పుడూ ఆ అట్టే కళ్ళముందుకొస్తుంది. (ఈ లెక్కలో 15 దగ్గరా సున్నా వస్తుంది, కానీ అంత కోస్తే అట్టే మిగలదు.)

అయితే ఇదంతా అటూ ఇటూ జరగడానికి వీలున్న చోట మాటే. శాలిహుండం కొండ ఎక్కుతూ సగం దారిలో ఆగిపోయావనుకో, నువ్వు చేరిన ఎత్తుల్లో అన్నిటికంటే పైది నువ్వు ఆగిన చోటే, దారి మాత్రం ఇంకా పైకే పోతూ ఉంటుంది. నీ లెక్కలో 3 అలాంటి చోటు. ఫ్రాన్స్‌లో ఫెర్మా అనే న్యాయవాది, న్యూటన్ పుట్టకముందే, 1630లలో గరిష్ఠ కనిష్ఠాలకి దారి చూపించాడు. ఆయన పేరు మీద మనం చదివే సిద్ధాంతం (గరిష్ఠం గానీ కనిష్ఠం గానీ వచ్చే చోట డెరివేటివ్ ఉంటే అది సున్నాయే అనేది) కూడా లోపలి బిందువులకే వర్తిస్తుంది.

కాబట్టి డెరివేటివ్ సున్నా అయ్యే చోట్లు, అసలు డెరివేటివ్ లేని చోట్లు (మాడ్ ఎక్స్‌కి, అంటే మైనస్ గుర్తు తీసేసిన ఎక్స్‌కి, 0 దగ్గర లాగ), రెండు చివరలు, అన్నిచోట్లా విలువలు కట్టి పోల్చు. నీకొచ్చేవి 0, మైనస్ 2, 18. రెండో డెరివేటివ్ అవసరమే లేదు ఇక్కడ.

ఇంకోసారి ఇలాంటిది వస్తే చివరలు కలిపారో లేదో చెప్పే బ్రాకెట్టు ముందు చూడమ్మా. 3ని కలపకుండా ఇస్తే విలువలు 18కి దగ్గరదగ్గరగా పోతాయే గానీ చేరవు, అప్పుడు గరిష్ఠం లేదనే రాయాలి. కనిష్ఠం మాత్రం అదే మైనస్ 2.