టాలిన్ వెళ్తున్న మేనకోడలికి

అమ్మడూ,

డిసెంబరులో ఒక్కదానివే ఎస్టోనియా రాజధాని టాలిన్ వెళ్తున్నావని మీ అమ్మ చెప్పగానే గుండె గుభేలుమంది. ఫోను పెట్టేశాక మాత్రం మీ మామయ్యతో మొదలుపెట్టి పక్కింటివాళ్ల దాకా అందరికీ చెప్పుకున్నాను. సొంత జీతంతో వెళ్తున్నావట!

చలి బట్టల సంగతి నీకు తెలుసు. విమానాశ్రయం ఊరిని ఆనుకునే ఉంది, ట్రాము ఎక్కితే చాలు. ట్రాములో ఉచిత ప్రయాణం అని ఎవరో చెబుతారు. 2013లో పెట్టిన ఆ వసతి ఆ ఊళ్లో నివాసం నమోదైన వాళ్లకే. నువ్వు టికెట్ కొనాలి.

అసలు చెప్పాల్సింది బూట్ల గురించి. నవ్వకు.

మీ నాన్న హెల్సింకిలో మా ఇంటికి వచ్చినప్పుడు ఓడలో టాలిన్ తీసుకెళ్లాను. అడుగు అరిగిన ఆఫీసు బూట్లతో బయలుదేరాడు. వద్దంటే, "కాలినడకన శ్రీశైలం వెళ్లినవాణ్ణి, ఈ గుట్ట నాకొక లెక్కా?" అన్నాడు. నిజమే, పాత ఊళ్లో ఉన్న ఆ టూంపియా గుట్ట చుట్టుపక్కల కంటే 20-30 మీటర్లు ఎత్తు, అంతే. గుట్ట పైకి వెళ్లే లూహికె యల్గ్ అనే మెట్ల దారి బాగానే ఎక్కాడు. పైన ఊరంతా కనిపించే కోహ్తుఓత్సా అనే చోట ఎర్ర పెంకుల కప్పులు, 124 మీటర్ల సెయింట్ ఓలాఫ్ చర్చి శిఖరం, ఆ వెనక సముద్రం చూసి పసివాడైపోయాడు. వచ్చిన చిక్కంతా దిగేటప్పుడు. దిగిన దారి పిక్ యల్గ్, రాళ్లు పరిచిన వాలు బాట. జనం తొక్కీ తొక్కీ మంచు గట్టిపడింది, దానిమీద అప్పుడే కురిసిన పొడి మంచు. 1380 నాటి ద్వారపు బురుజు కనిపించగానే, నడుస్తూనే కెమెరా ఎత్తాడు. మరుక్షణం నేల మీద ఉన్నాడు. పడుతూ అరచెయ్యి ఆనించాడేమో, మణికట్టు విరిగింది. అంత నొప్పిలోనూ ముందు కెమెరా పగిలిందా అని అడిగాడు, మీ నాన్న కదా! ఆసుపత్రిలో పాస్‌పోర్టు, బీమా కాగితం అడిగారు. ఆ కాగితమేమో హెల్సింకిలో మా బీరువాలో భద్రంగా ఉంది. మీ మామయ్యకు ఫోను చేసి నంబరు చదివించుకోవాల్సి వచ్చింది. పిండికట్టుతో తిరుగు ఓడ ఎక్కాడు.

అందుకే, బూట్ల కింద తగిలించుకునే ఇనుప ముళ్ల పట్టీలు దిగగానే కొనుక్కో. వీసాకు ఎలాగూ 30,000 యూరోల బీమా ఉంటుంది. ఆ కాగితం పెట్టెలో కాదు, ఒంటిమీద ఉండాలి. ఫొటో తీయాలంటే ఆగి తియ్యి. చూరుల కింద తాడు కట్టి ఉంటే అటు వెళ్లకు, పైనుంచి మంచు గడ్డలు పడతాయి. మధ్యాహ్నం మూడున్నరకే పొద్దు గూకుతుంది, గుట్ట పని వెలుగుండగానే ముగించు.

చీకటి పడ్డాక టౌన్ హాలు ముందున్న కూడలే నీ చోటు. హాలు 1404లో పూర్తయింది. ఎదురుగా ఉన్న మందుల దుకాణం ప్రస్తావన 1422 నాటి పత్రాల్లోనే ఉంది, ఇవాళ్టికీ అక్కడ మందులు అమ్ముతున్నారు. బాదం ముద్దతో చేసే మార్జిపాన్ మిఠాయి తమ దగ్గరే పుట్టిందంటారు టాలిన్ వాళ్లు. మిఠాయి కొట్ల గొప్పలు మనకు కొత్తా? రుచి మాత్రం చూడు.

తరువాత మా దగ్గరకు రా, ఓడలో రెండు గంటలే. ఎక్కే ద్వారం ముందే మూసేస్తారు, చివరి నిమిషంలో పరుగెత్తవద్దు. మంచు మీద అసలు పరుగెత్తవద్దు.

ఈ లేఖ మీ నాన్నకు చూపించకు. రాళ్లదే తప్పని ఇప్పటికీ అంటాడు.

మీ అత్తయ్య